కుమారి, దేవి, సారా

2022 వేసవి. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో డేటా ఇంజనీర్‌గా చేరి నాకు అప్పటికి మూడో ఏడు. మా ఆఫీసు కింద డెంటిస్టు, ఎదురుగా పార్కింగ్ లాట్, దాని అవతల ఇంకో పార్కింగ్ లాట్. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "పేర్లు చూసుకునే పని" అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు కానీ నిజంగా అదే నా పని. దాన్ని రికార్డ్ మ్యాచింగ్ అంటారు. ఒకే మనిషి పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా పడి ఉంటుంది. ఆ నాలుగూ ఒకరివేనా, వేర్వేరు మనుషులవా అన్నది ప్రోగ్రాం చేత తేల్చించాలి.

ఈ పనిలో నాకు కాస్త పేరు తెచ్చిన సంగతి ఒకటుంది. అంతకుముందు ఇక్కడే బెంటన్‌విల్ అనే ఇంకో ఊళ్ళో కాంట్రాక్టు మీద ఉన్నప్పుడు కస్టమర్ల జాబితాలో మన దేశపు పేర్లు పెద్ద తలనొప్పిగా ఉండేవి. లక్ష్మి, లక్ష్మీదేవి, లక్ష్మీ కుమారి అని మూడు కార్డులుంటాయి, మనిషి ఒక్కతే. మా అమ్మ పేరు చివర కుమారి ఉంది. బ్యాంకులో ఉంటుంది, ఆధార్‌లో ఉండదు. అందుకని ఒక స్టాప్ లిస్ట్ తయారు చేశాను. పోల్చేటప్పుడు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయాల్సిన మాటల జాబితా అది. దేవి, కుమారి, కుమార్, బాయి, బేగం, కౌర్. ఇలాంటి మాటలు తీసేశాక మిగిలిన పేర్లు పోల్చితే తప్పులు బాగా తగ్గాయి. ఆ తర్వాత ఏ ప్రాజెక్టుకి వెళ్ళినా ఆ ఫైలు నా వెంటే వచ్చేది.

షామ్‌బర్గ్‌లో మాకు వచ్చిన ప్రాజెక్టు ఒక స్మారక కేంద్రానిది. నాజీ జర్మనీ చంపిన యూదుల జ్ఞాపకార్థం, తప్పించుకుని ఈ వైపు వచ్చి స్థిరపడినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కలిసి పెట్టుకున్న సంస్థ. ఆఫీసు నుంచి అరగంట డ్రైవ్. జర్మనీలోని రకరకాల ఊళ్ళ రిజిస్ట్రేషన్ కార్డులు, మనుషుల్ని తరలించిన రైళ్ళ జాబితాలు ఫొటోకాపీలుగా అక్కడికి వస్తుంటాయి. వాలంటీర్లు కూర్చుని వాటిని టైప్ చేస్తారు. వాటన్నిటినీ కలిపి, ఒక పేరు కొడితే ఆ మనిషి తాలూకు కాగితాలన్నీ కనబడేలా ఒక సెర్చ్ పేజీ కట్టాలి. అక్కడి ఆర్కివిస్టు కార్లా. పాత కాగితాల బాధ్యతంతా ఆవిడదే. యాభై దాటిన మనిషి, మాట తక్కువ.

మొదటి మీటింగ్‌లోనే నేను ఒక మాటన్నాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. రైలు జాబితాలు చూసి, "ఇంత శుభ్రమైన డేటా నేనెప్పుడూ చూడలేదు" అన్నాను. వరుస నంబర్లు తెగకుండా ఉన్నాయి. పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా, ఏ కాలమూ ఖాళీగా లేదు. నాకు జాబితాలంటే ఇష్టం. కిరాణా లిస్టు కూడా షాపులో అరల వరుసలోనే రాసుకునేవాణ్ణి. కార్లా నా వైపు ఒక్క క్షణం చూసి, "అవును, శుభ్రంగానే ఉంటాయి" అని ఊరుకుంది.

పని మొదలుపెట్టిన వారంలోనే ఒక సంగతి కంటపడింది. ఆడవాళ్ళ వరుసల్లో సగానికి పైగా రెండో పేరు ఒకటే: సారా. హెడ్విగ్ సారా, మార్తా సారా, ఎల్జె సారా. మగవాళ్ళకి ఇజ్రాయెల్. నాకు వెంటనే అర్థమైపోయినట్టు అనిపించింది. ఇదీ మన దేవి, కుమారి లాంటిదే. వీళ్ళ ఆచారంలో ఆడవాళ్ళకి సారా, మగవాళ్ళకి ఇజ్రాయెల్ తగిలిస్తారన్నమాట. రెండు మాటలూ స్టాప్ లిస్ట్‌లో చేర్చి, పక్కన కోడ్‌లో ఒక వ్యాఖ్య కూడా రాశాను: "సారా ఈజ్ ఈక్వల్ టు దేవి."

మా టీమ్ లీడ్ శ్రీకాంత్ అన్న ఊరు వరంగల్. నా కోడ్ రివ్యూ చేసేది ఆయనే. ఆ వ్యాఖ్య చదివి పగలబడి నవ్వాడు.

"జర్మన్ల దేవినా? ఎట్ల దొరికింది రా నీకిది?"

"ప్యాటర్న్ అన్నా. సగం మందికుంది."

"మంచిగుంది. మ్యాచ్ స్కోర్ ఎంతొచ్చింది?"

ఎన్ని పేర్లు కలిశాయో చెప్పాను. బాగా పెరిగింది. అన్న అప్రూవ్ బటన్ నొక్కాడు. ఈ సారా ఏమిటని కార్లాని అడగాలని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. కేంద్రానికి వెళ్ళినప్పుడల్లా నేను కూర్చునే బల్ల ఆవిడ గది పక్కదే.

సెప్టెంబరులో సెర్చ్ పేజీని కేంద్రంలో ఒక కంప్యూటర్ మీద ప్రయోగంగా పెట్టారు. వాడేవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకోవడానికి ప్రతి మంగళవారం నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. రెండో మంగళవారం వచ్చినావిడ ఎడిత్. తొంభై ఏళ్ళు. నాలుగు చక్రాల వాకర్ తోసుకుంటూ వచ్చి, కుర్చీ నేను లాగబోతే వద్దని తనే లాక్కుని కూర్చుంది.

"యంగ్ మ్యాన్, ఇది నువ్వు కట్టిందేనా?"

"మా టీమ్ కట్టింది మేడం."

"అయితే బాగుంటే నీది, బాగోకపోతే టీమ్‌ది. సరే, ఎక్కడ కొట్టాలి?"

ఆవిడ వెతుకుతున్నది తన తల్లి అక్కని. ఇంగ్లిష్‌లో ఆంట్ అని సరిపెట్టింది కానీ మన వరసలో పెద్దమ్మ. పేరు సారా హిర్ష్‌బర్గ్. పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో బట్టలు కుట్టేది. ఎడిత్, వాళ్ళమ్మ 1939 వసంతంలో ఓడ ఎక్కి అమెరికా వచ్చేశారు. పెద్దమ్మకి వీసా రాలేదు. అప్పటికి ఎడిత్‌కి ఏడేళ్ళు.

"నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది. ఎన్ని సూదులున్నా ఒక్క మాటా తడబడేది కాదు. మా అమ్మకి చచ్చేంత భయం, ఎక్కడ మింగేస్తుందో అని."

ఒక్కో అక్షరం చూసుకుంటూ పేరు కొట్టింది. సున్నా ఫలితాలు. సారా చివర హెచ్ పెట్టి కొట్టింది. సున్నా. ఇంటిపేరు ఒక్కటే కొడితే హిర్ష్‌బర్గ్‌లు తొమ్మిదిమంది వచ్చారు. సారా అనే మనిషి వాళ్ళలో లేదు.

"అరవై ఏళ్ళుగా ఈ మాట మనుషులు ఉత్తరాల్లో చెప్పేవాళ్ళు. ఇప్పుడు మిషను చెప్తోంది. మిషను త్వరగా చెప్పింది, అదొక్కటే తేడా" అంది.

సర్దిచెప్పాలని ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"చనిపోయిందని నాకు తెలుసు బాబూ. బతికుంటే నూట ఇరవై ఏళ్ళు దగ్గరపడేవి. నాక్కావాల్సింది తేదీ. మాలో చనిపోయినవాళ్ళకి ఏటా ఆ రోజున దీపం వెలిగిస్తాం. సాయంత్రం వెలిగిస్తే మర్నాటి సాయంత్రం దాకా ఉంటుంది. తేదీ లేక మా అమ్మ తన అక్కకి ఒక్కసారి కూడా వెలిగించలేదు. ఏదో ఒక రోజు అనుకుని వెలిగించవచ్చమ్మా అని గుళ్ళో పెద్దాయన చెప్పాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. 'రోజు నేను పెడితే నేనే చంపినట్టు' అంది. అలాగే పోయింది. ఇప్పుడిక నేనే ఉన్నాను."

ఆ మాట నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. మా తాతయ్య తద్దినం ఏ రోజో ఇంగ్లిష్ తేదీల్లో నాకు తెలియదు. ఏటా అమ్మ తిథి చూసి, ఈసారి ఫలానా రోజు వచ్చిందని వాట్సాప్‌లో పెడుతుంది. తిథి తెలియనివాళ్ళకి మనకి మహాలయ అమావాస్య ఉంది. ఆ సంగతి ఎడిత్‌కి చెప్పాను. కళ్ళు పెద్దవి చేసుకుంది.

"మీరూ చంద్రుణ్ణి చూసే లెక్కపెడతారా?"

"అవును. అందుకే ఏటా తేదీ మారుతుంది."

"మాకూ అంతే. ఇన్నాళ్ళూ ఈ తిప్పలు మా ఒక్కళ్ళకే అనుకున్నాను" అని మొదటిసారి నవ్వింది. వచ్చే మంగళవారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

కారెక్కాక ఆ సున్నా నన్ను వదల్లేదు. రెండో మూడో ఫలితాలు వచ్చి వాటిలో ఆవిడ లేకపోతే అది మామూలు విషయం. అన్ని వేల మంది యూదు స్త్రీల జాబితాలో మొదటి పేరు సారా అని కొడితే ఒక్కరూ రాకపోవడం మాత్రం కుదరదు. మా వైపు జాబితాలో లక్ష్మి అని కొడితే సున్నా వచ్చినట్టు. డేటాలో లేకపోవడం వల్ల వచ్చిన సున్నాకీ, మనం తీసేయడం వల్ల వచ్చిన సున్నాకీ తెర మీద తేడా తెలియదు. సగం దారిలో కారు వెనక్కి తిప్పాను.

కార్లా గదిలో ఉంది. ఏం జరిగి ఉంటుందో చెప్పాను. "సారా అనేది మా స్టాప్ లిస్ట్‌లో ఉంది. అది మీ ఆడవాళ్ళ పేర్లకి తగిలించే గౌరవపు మాట కదా. మాలో దేవి అంటాం, అలాంటిదని..."

ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను.

"అది ఆచారమని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ప్యాటర్న్ చూసి అనుకున్నాను."

కార్లా లేచి అలమారలోంచి ఒక గుర్తింపు కార్డు నకలు తీసి నా ముందు పెట్టింది. ఫొటోలో బొద్దుగా ఉన్న ఒక నడివయసు స్త్రీ. కింద సంతకం. మొదటి పేరూ ఇంటిపేరూ చకచకా రాసినట్టున్నాయి. మధ్యలో సారా అన్న మాట మాత్రం ఆగి ఆగి, బడిపిల్ల కాపీ రాసినట్టుంది.

"1938 ఆగస్టులో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఒక జాబితా వేసి, యూదులకి ఉండదగ్గ పేర్లు ఇవీ అంది. ఆ జాబితాలో లేని పేరున్న ప్రతి యూదు స్త్రీ కొత్త సంవత్సరం నుంచి తన పేరుకి సారా చేర్చుకోవాలి. మగవాడైతే ఇజ్రాయెల్. సంతకంలో కూడా రాయాలి, రాయకపోతే శిక్ష. ఈవిడ నలభై ఏళ్ళుగా చేస్తున్న సంతకాన్ని మళ్ళీ నేర్చుకుంది."

"దీనివల్ల వాళ్ళకేం వస్తుంది?" అని అడిగాను. అమాయకంగానే అడిగాను.

"వాళ్ళ సిద్ధాంతమేమిటి? యూదులు వేరే జాతి, రక్తం వేరు, చూస్తేనే తెలిసిపోతుంది అని. పోస్టర్ల మీద బొమ్మలు కూడా వేశారు. తీరా వీధిలోకి వచ్చి చూస్తే తెలియడం లేదు. పక్కింటివాళ్ళలాగే ఉన్నారు, అదే భాష, అవే హెడ్విగ్, మార్తా అనే పేర్లు. మనుషుల్లో కనపడని తేడాని కాగితం మీదైనా కనపడేలా చేయాలి. అందుకు ఈ పేరు."

ఆవిడే ఇంకా చెప్పింది. గొంతు పెంచలేదు. "నియంతకి ఎప్పుడూ ఒక శత్రువు ఉండాలి. గెలిస్తే వాణ్ణి గెలిచామనాలి, ఓడితే వాడివల్లే ఓడామనాలి. అంతకుముందు జరిగిన ప్రపంచ యుద్ధంలో ఓడిపోవడానికి యూదులే కారణమన్నారు. కొత్త యుద్ధం మొదలుపెట్టింది తామే అయినా అదీ యూదులే తెచ్చిపెట్టారన్నారు. జనం కూడా ఏళ్ళ తరబడి విని విని అలవాటుపడ్డారు. యుద్ధం వచ్చేసరికి బయటి ప్రపంచానికి తలుపులు మూసుకున్నాయి. జాబితాలు అప్పటికే తయారుగా ఉన్నాయి. రష్యాలో వాళ్ళ సైన్యం చలిలో బండ్లు చాలక అవస్థపడుతున్న నెలలో కూడా ఈ రైళ్ళకి ఇంజన్లు దొరికాయి. అంత ముఖ్యమైన పని వాళ్ళకిది. నువ్వు శుభ్రంగా ఉన్నాయన్న జాబితాలు అవే."

"సారీ" అన్నాను.

"నాకు కాదు. ఎడిత్‌కి ఏం చేయగలవో చూడు. పుట్టుకతోనే సారా అయిన మనిషి ఆ ప్రభుత్వం ఒప్పుకున్న జాబితాలోనే ఉంది. ఆవిడకి కొత్తగా ఏమీ తగిలించి ఉండరు. మరి నీ ప్రోగ్రాం అలాంటి మనిషిని ఏం చేస్తుంది?"

దానికి జవాబు నాకు అప్పటికే తెలిసిపోయింది. హెడ్విగ్ సారాలో సారా తీసేస్తే హెడ్విగ్ మిగులుతుంది. ఒట్టి సారాలో సారా తీసేస్తే ఏమీ మిగలదు. మొదటి పేరు ఖాళీగా ఉన్న వరుసల్ని సెర్చ్‌లోకి రానివ్వకుండా పక్కన పెట్టమని నేనే ఇంకో నియమం రాశాను. ఆ పక్కన పెట్టిన చోటుని మేం క్వారంటైన్ టేబుల్ అంటాం. పాడైన వరుసలు ఉండే చోటు కదా అని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో తెరిచాను. నాలుగు వందల పైచిలుకు వరుసలున్నాయి. కొన్ని నిజంగానే చెరిగిపోయినవి. మిగతావాటిలో పుట్టిన తేదీ ఉంది, వృత్తి ఉంది, చిరునామా ఉంది, పేరు గడి మాత్రం ఖాళీ. నా ప్రోగ్రాం ముట్టుకోకముందు వాలంటీర్లు టైప్ చేసిన అసలు కాలమ్‌ని పక్కన తెచ్చి పెట్టాను. ఖాళీ గడుల పక్కన వరసగా సారా, సారా, సారా. మౌస్ చక్రం తిప్పుతుంటే తెర కింది దాకా అదే పేరు. వెనక వచ్చి నిలబడిన శ్రీకాంత్ అన్నకి జరిగింది మొత్తం చెప్పాను. కార్లా చూపించిన సంతకం గురించి కూడా.

"అయ్యో" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను గూడ చూసి నవ్విన గద రా."

పనిలోకి దిగాక మాత్రం మామూలు టీమ్ లీడ్ అయ్యాడు. "స్టాప్ లిస్ట్‌లకెళ్లి తీసెయ్. హెడ్విగ్ పక్కనున్న సారాని మిడిల్ నేమ్‌ల పెట్టు. కాలమ్ ఉన్నదే గద, ఐపోతది."

"అది మిడిల్ నేమ్ కాదన్నా. వాళ్ళ అమ్మానాన్న పెట్టింది కాదు."

"పేర్ల గోస ఎవరికి లేదు రా ఈడ? మా స్వాతి వీసాల ఫస్ట్ నేమ్ ఎఫ్ఎన్‌యూ, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని పడ్డది. క్లినిక్‌ల 'మిసెస్ ఫ్నూ' అని పిలుస్తరు. మూడేండ్ల సంది ఆ పిలుపుకే లేస్తున్నది పాపం."

"వదినది ఫారం నింపడంలో వచ్చిన తప్పు. వదినని వేరు చేసి పట్టుకోవాలని ఎవరూ ఆ ఫారం తయారు చేయలేదు కదా."

అన్న పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "ఏం పేరు పెడ్తవ్ మరి కాలమ్‌కి?" అన్నాడు.

"ఇంపోజ్డ్ నేమ్." బలవంతంగా తగిలించిన పేరు అని.

"సరే, చెయ్యి. రెండు దినాలు తీసుకో. క్లయింట్‌కి నేను చెప్త."

"క్లయింటే చెయ్యమంది అన్నా."

"మరింకేంది? ముచ్చట్లు బంద్ చేసి టైప్ కొట్టు."

నియమం రాయడం కష్టం కాలేదు. 1939 జనవరి నుంచి వచ్చిన కాగితాల్లో ఇంకో పేరు వెనక సారా గానీ, మగవాళ్ళకి ఇజ్రాయెల్ గానీ వస్తే అది బలవంతపు పేరు. వేరే కాలమ్‌లోకి వెళ్తుంది, పోల్చేటప్పుడు లెక్కలోకి రాదు, కాగితం మీద ఉన్నట్టుగా చూపించేటప్పుడు మాత్రం వస్తుంది. సారా ఒక్కటే ఉంటే అది ఆ మనిషి పేరు. ముట్టుకోకూడదు. అనుమానం ఉన్నవి కార్లాకి పంపాలి. యాభై మూడు పంపాను. అన్నీ తనే చూసింది.

క్వారంటైన్‌లోంచి బయటికి వచ్చినవాళ్ళలో సారా హిర్ష్‌బర్గ్‌లు ఇద్దరున్నారు. ఒకామె డెబ్బై దాటిన వితంతువు. రెండో ఆమె వయసు ముప్ఫై ఎనిమిది, వృత్తి దగ్గర దర్జీ అని ఉంది. ఆమె పేరున్నది 1941 నవంబరు నాటి రైలు జాబితాలో. దాని నకలు కేంద్రానికి వచ్చింది, టైప్ అయింది 2022లోనే. నేను వెంటనే ఫోన్ చేద్దామన్నాను. కార్లా వద్దంది.

"ఆ ఊళ్ళో దర్జీ పని చేసే యూదు స్త్రీలు చాలామంది. తొంభై ఏళ్ళ మనిషికి ఒకసారి చెప్పి, మళ్ళీ కాదని చెప్పలేం."

కారణం చెప్పకుండా, మీ అమ్మగారి దగ్గర పెద్దమ్మ చిరునామా ఏమైనా మిగిలిందా అని తనే ఫోన్‌లో అడిగింది. ఎడిత్ పెట్టెలో ఒక కవరుంది. ఉత్తరం పోయింది, కవరు మిగిలింది. వీధి పేరు, ఇంటి నంబరు చదివింది. కార్లా ఫోన్ స్పీకర్ మీద పెట్టింది, నేను తెర మీద వేలు పెట్టి చూస్తున్నాను. వీధి సరిపోయింది. నంబరు సరిపోయింది. ఆ తర్వాత ఎడిత్, "ఇంకేదో చిన్నగా రాసుంది... వెనక వాటా, మూడో అంతస్తు" అంది. జాబితాలోనూ వెనక వాటా అనే ఉంది. కార్లా నా వైపు చూసి తల ఊపింది. ఫోన్‌లో మాత్రం, "థాంక్యూ ఎడిత్, మంగళవారం కలుద్దాం" అని పెట్టేసింది.

మంగళవారం ఎడిత్ వచ్చేసరికి ఇద్దరం కుర్చీల్లో సిద్ధంగా ఉన్నాం. ఆవిడ మా ముఖాలు చూడగానే, "దొరికింది కదూ" అంది.

ముందు చెప్పాల్సింది నేను. వాళ్ళ పెద్దమ్మ మా సెర్చ్‌లో ఎందుకు కనపడలేదో, తప్పు ఎవరిదో చెప్పాను. దేవి, కుమారి సంగతి కూడా దాచలేదు. ఆవిడ కోప్పడుతుందేమో అనుకున్నాను. అడిగింది ఒక్కటే.

"ఆ జాబితాలో మా పెద్దమ్మ పేరు ఎలా ఉంది? ఒట్టి సారాయేనా? ఇంకేం తగిలించలేదా?"

"లేదు మేడం. సారా హిర్ష్‌బర్గ్, అంతే."

ఎడిత్ నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలేలా, కళ్ళజోడు తీసి తుడుచుకునేలా నవ్వింది. "మా ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం. అమ్మ, పెద్దమ్మ, నేను. ముగ్గురిలో సారా ఒక్కతే. ఆ ఉత్తర్వు రాగానే అమ్మ గెర్టా సారా అయింది, నేను ఎడిత్ సారా అయ్యాను. నా పాస్‌పోర్టు మీద కూడా వేశారు, ఏడేళ్ళదాన్ని. అమ్మ ఏడుస్తూ కూర్చుంటే పెద్దమ్మ ఏమందో తెలుసా? 'ఏడవకు గెర్టా. చిన్నప్పుడు నా గౌన్లన్నీ వేసుకున్నావు. పేరు ఒక్కటే మిగిలింది, ఇప్పుడు అదీ తీసుకున్నావు' అంది."

కార్లా కూడా నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

నవ్వు ఆగాక ఎడిత్ కళ్ళజోడు పెట్టుకుంది. "సరే. ఇప్పుడు చెప్పండి."

అది కార్లా చెప్పింది. నవంబరు 25న ఆ రైలు బయల్దేరింది. లిథువేనియాలో కౌనస్ అనే ఊరికి చేరింది. అందులో వెళ్ళినవాళ్ళని ఏ శిబిరంలోనూ ఉంచలేదు. 29న ఊరి బయట ఒక కోట దగ్గర కాల్చేశారు. తేదీ గురించి అనుమానం లేదు, ఆ రోజు అక్కడ చనిపోయినవాళ్ళ లెక్కని చంపినవాళ్ళే రాసిపెట్టుకున్నారు. యూదుల పంచాంగంలో అది కిస్లేవ్ నెల తొమ్మిదో రోజు. మన మార్గశిర శుద్ధ పక్షంలో ఎక్కడో పడుతుంది.

ఎడిత్ చేతిసంచిలోంచి చిన్న డైరీ తీసి నాకిచ్చింది. "నా రాత నాకే కనపడదు. పెద్ద అక్షరాల్లో రాసిపెట్టు." రాశాను. రాస్తున్నంతసేపూ కాగితం కదలకుండా అంచు పట్టుకుని ఉంది.

"ఈ ఏడాది ఎప్పుడొస్తుంది?"

"డిసెంబరు మొదటి శుక్రవారం సాయంత్రం" అంది కార్లా. "శుక్రవారం కదా, ముందు ఈ దీపం వెలిగించి, తర్వాత వారం వారం పెట్టే సబ్బాత్ దీపాలు."

"అది నాకు తెలుసులే" అంది ఎడిత్.

డిసెంబరులో ఆ శుక్రవారం తర్వాతి మంగళవారం ఆవిడ కేంద్రానికి వచ్చింది. వెతకడానికి ఏమీ లేదు, ఊరికే వచ్చానంది. ఎలా జరిగిందని నేను అడగలేదు. తనే చెప్పింది.

"మా అమ్మ భయపడింది కదా, చంపినట్టుంటుందని. అలా ఏమీ అనిపించలేదు. వాళ్ళు ఏం చేశారో వాళ్ళు చేశారు. నేను చేసింది దీపం వెలిగించడం. మా అమ్మకి ఈ మాట చెప్పలేకపోయాను, అదొక్కటే."

తర్వాత ఇంకో మాట అడిగింది. "ఆ సారాలంతా, నువ్వు బయటికి తీసినవాళ్ళు... మిగతావాళ్ళ కోసం ఎవరైనా వచ్చారా?"

ఇద్దరి కోసం వచ్చారని చెప్పాను. తల ఊపి, మిగిలినవాళ్ళ పేర్లు ప్రింట్ తీసి ఇవ్వమంది. ఇచ్చాను. ఏం చేసుకుంటారని అడగాలనిపించలేదు.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి చిన్నది. ప్రోగ్రాం పక్కన పెట్టిన వరుసల్ని ఇప్పుడు పైనుంచి కింది దాకా స్వయంగా చదువుతాను, ఎన్ని వేలున్నా సరే. రెండోది ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఒక మాట లక్ష వరుసల్లో కనపడితే అది ఆచారం కావచ్చు, ఆజ్ఞ కూడా కావచ్చు. ఒక అమ్మ ముద్దుగా చేర్చిన మాటా, ఒక ప్రభుత్వం ద్వేషంతో అతికించిన మాటా డేటాలో అచ్చం ఒకేలా ఉంటాయి. ఆ తేడాని ఏ ప్యాటర్నూ చెప్పదు. దాన్ని మోసినవాళ్ళు చెప్పాలి. వాళ్ళు లేకపోతే వాళ్ళ కాగితాలు కాపాడినవాళ్ళు చెప్పాలి. నా ఉద్యోగంలో భాగమని నాకు ఎవరూ చెప్పని పని ఒకటుంది. కుర్చీలోంచి లేచి, పక్క గది తలుపు తట్టి, "ఇదేమిటి?" అని అడగడం.